అక్కర్లేదని చెప్పే షాపు

కస్టమర్ సర్వీసు అనగానే ఏసీ షోరూము, తలుపు తీసి నమస్కారం పెట్టే గార్డు, కొన్నాక రేటింగ్ ఇమ్మని వచ్చే మెసేజ్ గుర్తొస్తాయి. శ్రీకాకుళంలో పాలకొండ రోడ్డు దగ్గర మా వీధి చివరున్న చిన్న ఎలక్ట్రికల్ షాపులో ఇవేవీ ఉండవు. అయినా నేను చూసిన మంచి సర్వీసు అక్కడిదే. మనకు అవసరం లేని వస్తువును అక్కర్లేదని చెప్పగలిగే షాపే మంచి షాపు అని నా నమ్మకం.

ఈ మధ్య మా హాల్లో ఫ్యాన్ బాగా నెమ్మదించింది. రెగ్యులేటర్ ఐదులో పెట్టినా గాలి తగలడం లేదు. కొత్తది కొనేద్దామని వెళ్లాను. షాపాయన మోడళ్లు చూపించలేదు, ముందు ప్రశ్నలు వేశారు. స్విచ్ వేయగానే తిరుగుతోందా, ఆలస్యంగానా? ఆపేశాక చేత్తో తిప్పితే ఫ్రీగా ఉందా, పట్టేస్తోందా? కాలిన వాసన ఏమైనా వచ్చిందా? అన్నీ విని, "ఫ్యాన్ మార్చక్కర్లేదు మేస్టారూ, కండెన్సర్ వీకైపోయుంటుంది. ముందది మార్చి చూడండి, అప్పటికీ తిరక్కపోతే కొత్తదాని సంగతి చూద్దాం" అన్నారు. కండెన్సరంటే ఫ్యాన్ మోటారు తిరగడానికి ఊతమిచ్చే చిన్న భాగం. పాతదాని మీద 2.5 మైక్రోఫారడ్ (దాని సామర్థ్యానికి కొలత) అని ఉంటే అదే వేయాలని, స్పీడు పెరుగుతుందని పెద్దది వేస్తే మోటారులోని తీగచుట్ట (వైండింగ్) వేడెక్కుతుందని చెప్పారు. మెయిన్ ఆపకుండా ముట్టుకోవద్దని రెండుసార్లు హెచ్చరించారు. కండెన్సర్ మార్చాక ఫ్యాన్ మళ్లీ మామూలుగా తిరుగుతోంది.

వేల రూపాయల బేరం చేతికొచ్చి ఉండగా, వంద రూపాయలు కూడా చేయని వస్తువు అమ్మారాయన. నాకు నిజంగా పనికొచ్చింది ఆయన అడిగిన ప్రశ్నలు, వాటి వెనకున్న అనుభవం. వాటికి ఆయన పైసా తీసుకోలేదు. ఒకే వీధిలో రోజూ మొహాలు చూసుకునేవాళ్లం కాబట్టి మాట పోగొట్టుకోకూడదన్న వ్యాపార తెలివి ఇందులో ఉందనేవారు ఉంటారు. కొంత నిజమే. అయితే అదే వీధుల్లో, అదే మొహాల మధ్య ఉంటూ అక్కర్లేనిది అంటగట్టే షాపులూ చూశాం. కాబట్టి మనిషి గుణాన్ని లెక్కలోంచి తీసేయలేం.

ఆ రోజే ఇంకో సంగతి గమనించాను. నాకంటే ముందు ఒక తాపీ కూలీ ఫ్యూజ్ వైరు కోసం వచ్చాడు. ఇంట్లో ఏమేం వాడతారో అడిగి, దానికి సరిపడే వైరే ఇచ్చారు. మందం వైరు వేస్తే ఫ్యూజ్ పోదు గానీ ఇల్లు తగలబడుతుందని ఓపిగ్గా చెప్పారు. ఆలోగా కారు దిగి వచ్చినాయన వరసలో ఆగాల్సి వచ్చింది. పది రూపాయల కస్టమర్‌కూ ఇంత సమయం ఇచ్చే షాపులు ఎన్ని ఉన్నాయి? బట్టలు చూసి బల్ల దగ్గర చోటిచ్చే అలవాటు మన బజార్లలో ఇంకా బలంగానే ఉంది.

మన జిల్లాకు ఇది మరీ ముఖ్యం. పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, ఆర్మీలోనో ఉంటారు. ఇళ్లలో పెద్దవాళ్లే మిగిలారు. వాళ్లకు ఏది కొనాలో, ఏది అక్కర్లేదో చెప్పే దిక్కు చాలాసార్లు వీధి చివరి షాపే.

ఆన్‌లైన్‌లో ధర తక్కువ, వాపసు సులువు. కాదనను. కానీ కరెంటు ఆదా అవుతుందని బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్ తెప్పించుకుని గోడకున్న పాత రెగ్యులేటర్‌తో నడపబోయి ఇబ్బంది పడినవాళ్లున్నారు. దానికి ఆ రెగ్యులేటర్ పనికిరాదని ముందే చెప్పే మనిషి అక్కడ ఉండడు. ఇంకొందరు షాపులో అరగంట కూర్చుని అన్నీ అడిగి తెలుసుకుని, ఇంటికెళ్లి ఫోన్లో ఆర్డర్ పెడతారు. ఇది అన్యాయం. ఆ అరగంటకు విలువ కట్టేది మనం అక్కడ కొన్నప్పుడే.

చిన్న షాపులు మారాల్సిన చోటూ ఒకటుంది. చాలావాటిలో బిల్లు అడిగితే తప్ప రాయరు. "అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు మాత్రం గోడ మీద ఉంటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, అది రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వకపోవడమూ అంతే. చట్టం అమల్లోకి వచ్చింది 2020 జులైలో. ఆ బోర్డులు ఇంకా దిగలేదు.

ఆ ఎలక్ట్రికల్ షాపులోనూ బిల్లు అడిగే తీసుకున్నాను. ఆయన విసుక్కోకుండా రాసిచ్చారు. అడగకుండానే రాయండని చెప్పాను. వారంటీ కోసం కంపెనీ దగ్గరికి వెళ్లినా, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా ముందు అడిగేది ఆ కాగితమే.