కూర్చుని వినవలసిన డిస్కో

కిందటి ఆదివారం బెంగళూరు ఇందిరానగర్‌లో ఒక మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఏడుగురు తెలుగువాళ్ళం డిస్కో విన్నాం. సోఫాలో నలుగురు, ప్లాస్టిక్ కుర్చీల్లో ఇద్దరు, నడుంనొప్పి మనిషిని కాబట్టి గోడకి ఆనుకుని నేను. అర్ధగంట పైచిలుకు ఎవ్వరమూ కదల్లేదు. మధ్యలో ఒకాయన కుడికాలి బొటనవేలు ఆడింది గానీ, అది పాటకో తిమ్మిరికో తేలలేదు. అంతా అయ్యాక ఇంటాయన, మా గుంటూరు మిత్రుడు, రికార్డు మీంచి ముల్లు ఎత్తి, ప్లేటు తుడిచి, కాగితం సంచిలో పెట్టి, సంచిని అట్టలో పెట్టి, అట్టకి ప్లాస్టిక్ తొడుగు తొడిగి, "అదీ!" అన్నాడు. మేమంతా ఆరాధనోత్సవంలో పంచరత్నాలు విని లేచినవాళ్ళలా తలలు పంకించాం.

ఇది చూసి నవ్వేవాళ్ళుంటారు. డిస్కో అంటే ఎగరాలి కదా, ఈ సంతాపసభ ఏమిటని మా ఇంట్లోనే అన్నారు. చరిత్ర తెలియక అన్నమాట అది. డెబ్భైల్లో డిస్కో కుర్రాళ్ళ చేతిలో ఉండేది కాబట్టి ఎగిరింది. ఇప్పుడు ఈఎంఐలు కట్టేవాళ్ళ చేతికొచ్చింది. మోకాళ్ళకి ఆ వయసు వచ్చాక ఏ కళైనా శాస్త్రీయం కాక తప్పదు.

ముందుగా కొంత శాస్త్రం. డిస్కో రికార్డు 12 అంగుళాల వెడల్పు ఉండి, దాని మీద ఒకే ఒక్క పాట ఎందుకుంటుంది? న్యూయార్క్‌లో పాటల్ని డాన్సుకి వీలుగా సాగదీసే టామ్ మౌల్టన్ అనే ఆయన అలా చేసిన తన మిక్స్‌ను ప్లేటు మీద కోయించుకుందామని వెళితే, ఏడంగుళాల ఖాళీ ప్లేట్లు అయిపోయాయట. ఉన్న పెద్ద ప్లేటు మీదే కోశారు. చిన్న పాటకి పెద్ద స్థలం దొరికేసరికి గాడులు కాళ్ళు చాపుకున్నాయి. బేస్, అనగా మంద్రంగా మోగే శబ్దానికి వెడల్పాటి గాడి కావాలి. ఇరుకైతే అది పక్క గాడి మీద పడుతుంది. ఎడం దొరకగానే శబ్దం హెచ్చింది, ఢంకా వచ్చి గుండె మీద తగిలింది. 1976లో సాల్సోల్ కంపెనీ వాళ్ళు డబుల్ ఎక్స్‌పోజర్ బృందం పాట 'టెన్ పర్సెంట్'ను ఈ సైజులో దుకాణాల్లోనే పెట్టేశారు. సరుకు అయిపోవడం వల్ల పుట్టిన ప్రక్రియ ఇది. రవ్వ నిండుకున్న రోజున మన వంటిళ్ళలో సేమ్యా ఉప్మా పుట్టినట్టు.

ఇంత ఇంజనీరింగూ కాళ్ళ కోసం జరిగింది. మా ఏడుగురి మండలి దగ్గర ఇప్పుడు 180 గ్రాముల బరువైన ప్లేట్లున్నాయి. కాళ్ళు మడుచుకుని ఉన్నాయి.

అలా ఉండటానికి బలమైన కారణాలున్నాయని మనవి. మిత్రుడి టర్న్‌టేబుల్ ఒక బల్ల మీద ఉంది, బల్లకి ఒక కాలు పొట్టి. మనం ఎగిరితే బల్ల అదురుతుంది. బల్ల అదిరితే ముల్లు గాడి తప్పి పక్క గాడిలోకి దూకుతుంది. అనగా, ఎగరడానికి చేసిన రికార్డును ఎగిరితే వినలేం! దీనికి క్లబ్బులవాళ్ళ దగ్గర విరుగుడుంది. టెక్నిక్స్ కంపెనీవారి ఎస్ఎల్-1200 అనే బరువైన యంత్రం. 1972లో వచ్చింది, 1979లో దాని రెండో అవతారం వచ్చాక డీజేలంతా దాని ముందే నిలబడ్డారు. 2010లో కంపెనీ దానికి స్వస్తి చెప్పింది. ఊళ్ళో మళ్ళీ ప్లేట్ల గిరాకీ లేచేసరికి 2016లో మళ్ళీ తెచ్చింది. ప్లేట్లకే కాదు, ప్లేట్లు తిప్పే పీటకి కూడా పునర్జన్మ అన్నమాట. దాని ధర కనుక్కున్న మా మిత్రుడు కూర్చోవడమే సంప్రదాయమని ఆ సాయంత్రమే తీర్మానించాడు.

కింది ఫ్లాట్ ఆవిడ సంగతి వేరు. ఆవిడకి పాట వినిపించదు, బేస్ ఒక్కటే వినిపిస్తుంది. "మీ ఇంట్లో రాత్రిపూట పిండిమర ఏమన్నా పెట్టారా?" అని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నూటఇరవై మంది ముందు అడిగింది. మిత్రుడు వాల్యూమ్ తగ్గించాడు. అప్పటి నుంచీ డిస్కోని మేము కొంచెం ముందుకు వంగి వింటున్నాం.

ఇక చట్టం. ఈ నగరంలో 2005 నాటి పోలీసు ఉత్తర్వు ఒకటుంది: డిస్కోతెక్, క్యాబరే, లైవ్ బ్యాండ్ నడపాలంటే విడిగా లైసెన్సు తీసుకోవాలి. రెస్టారెంట్లవాళ్ళు కోర్టుకెక్కారు, చివరికి 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు చెల్లుతుందనే చెప్పింది. నేను ఈ ఊరొచ్చిన కొత్తలో పబ్బులో పాట మోగుతుండగా భుజం కాస్త ఊగిందని ఒక బౌన్సరు వచ్చి మర్యాదగా ఆ భుజమే తట్టాడు. "సార్, డాన్స్ మాడబేడి." నేను అతనికి కన్నడంలో క్షమాపణ చెప్పుకుని కూర్చున్నాను. ఆ నాడు కూర్చున్నవాణ్ణి ఇంకా లేవలేదు. మా తరం బెంగళూరువాళ్ళకి కూర్చుని డిస్కో వినడం బద్ధకం వల్ల రాలేదు, శిక్షణ వల్ల వచ్చింది.

అయితే అసలు ఈ పాత ప్లేట్లకి ఇప్పుడీ వైభవం ఎలా పట్టింది? దానికి చికాగో నగరానికి మనం రుణపడి ఉండాలి. 1979 జులై 12న అక్కడి కోమిస్కీ పార్కులో బేస్‌బాల్ ఆట. ఒక డిస్కో రికార్డు పట్టుకొస్తే 98 సెంట్లకే టిక్కెట్టన్నారు. దాదాపు 50,000 మంది వచ్చారు. పట్టుకొచ్చిన రికార్డుల్ని మైదానం నడుమ గుట్ట పోసి పేల్చారు. జనం గోడలు దూకి లోపలికొచ్చేశారు, రెండో ఆట ఆడకుండానే వదులుకోవాల్సి వచ్చింది. డిస్కో చచ్చిందన్నారు. మా మండలి ఉద్దేశంలో ఆ రాత్రి జరిగింది సరఫరా నియంత్రణ. కాలినకొద్దీ మిగిలినదానికి రేటు. ఎనిమిదేళ్ళు తిరక్కుండా అదే చికాగో కుర్రాళ్ళు హౌస్ సంగీతమని కొత్తపేరు పెట్టి అదే ఢం-ఢంని బతికించారు. ఇప్పుడు మరుగునపడ్డ రికార్డుల్ని తవ్వి మళ్ళీ అచ్చువేసే న్యూమెరో గ్రూప్ అనే కంపెనీ కూడా ఆ ఊరిదే. దహనం, అస్థిసంచయనం, పునర్జన్మ... మూడూ ఒకే ఊళ్ళో కానిచ్చినవాళ్ళు ప్రపంచంలో ఇంకెవరూ లేరు. మనం కనీసం కాశీ దాకా వెళతాం.

మేము ఆదివారం విన్నది ఆ న్యూమెరో వాళ్ళు 2019లో తిరిగి వేసిన ప్లేటే: రూపా బిశ్వాస్ పాడిన 'డిస్కో జాజ్'. బెంగాలీ అమ్మాయి, కెనడాలోని కాల్గరీలో రికార్డు చేశారు, అలీ అక్బర్ ఖాన్ కొడుకు ఆశిష్ ఖాన్ సరోద్. 1982లో విడుదలైతే ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఇందులో 'ఆజ్ శనిబార్' పాట ప్రపంచమంతా వింటోంది. ఈరోజు శనివారం అని అర్థం. ఇక్కడే మా మండలిలో చీలిక వచ్చింది. డిస్కోకి శనివారం రాత్రి ఎంత ముఖ్యమో తెలుగు ఇంటికి వెంకటేశ్వరస్వామి అంత ముఖ్యం. శనివారం ఒంటిపూట ఉండే మండలి సభ్యుడొకాయన, ఆ పాటను ఆదివారం వింటే దోషం లేదని, శనివారమే వినాల్సి వస్తే కోడిగుడ్డు లేకుండా వినవచ్చని తేల్చాడు. ఆయన మాటే ఖాయం చేశాం.

స్థానికాభిమానం కూడా మాకు దండిగా ఉంది. 1974లో 'కుంగ్ ఫూ ఫైటింగ్' పాట చేసి, అది కూడా బి సైడ్ కోసం, అంటే ప్లేటు వెనకవైపు కోసం, హడావుడిగా చుట్టేసి, ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ మొదటిస్థానంలో కూర్చోబెట్టిన సంగీత దర్శకుడు బిడ్డు ఈ బెంగళూరులోనే పుట్టాడు. 1981లో పాకిస్తానీ గాయని నాజియా హసన్‌తో 'డిస్కో దీవానే' చేసినదీ ఆయనే. కొడగు వంశస్థుడని అందరికీ తెలుసు. అయినా, కంటోన్మెంట్‌లో పెరిగినవాడికి నాలుగు తెలుగు ముక్కలు రాకుండా ఉంటాయా అని మాలో ఒకాయన ప్రతి ఆదివారం అంటాడు. ఆయన్ని ఎవరం ఖండించం. పెద్దాయన, సమోసాలు ఆయనే తెస్తాడు.

కొత్తగా వస్తున్న డిస్కో గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పాత ధూళి తెచ్చి చల్లుకుని వస్తుంది. డాఫ్ట్ పంక్ అనే ఫ్రెంచి జంట 2013లో చేసిన ప్లేటులో జార్జియో మొరోడర్ని కూర్చోబెట్టి ఆయన జీవితకథ ఆయన చేతే చెప్పించారు. 1977లో డోనా సమ్మర్ గొంతు వెనక మొత్తం సింథసైజర్ పెట్టి లోకాన్ని మార్చిన మనిషి ఆయన, చెప్పించదగ్గవాడే. 2023లో ఆ ప్లేటుకే పదేళ్ళ పండగ చేసి మళ్ళీ వేశారు. పాతదాని జ్ఞాపకార్థం చేసిన కొత్తదాని జ్ఞాపకార్థం ఇంకొకటి. మన వైపు సంవత్సరీకాలు ఇంత శ్రద్ధగా పెట్టేవాళ్ళు తగ్గిపోయారు.

ఇక మా మండలి కిరీటం దగ్గరికి వస్తాను. 1982లో బొంబాయిలో, సినిమా ఆర్కెస్ట్రాల్లో గిటారూ కీబోర్డులూ వాయించే చరణ్‌జీత్ సింగ్ అనే ఆయన, రోలాండ్ కంపెనీవారి మూడు జపాన్ యంత్రాలు ముందేసుకున్నాడు: జూపిటర్-8 అనే సింథసైజర్, టీఆర్-808 అనే దరువుల పెట్టె, టీబీ-303 అనే బేస్ పెట్టె. డిస్కో దరువు మీద పది రాగాలు వాయించాడు. హెచ్ఎంవీ 1983లో వేసింది. ఎవరూ కొనలేదు. ఆ టీబీ-303ది కూడా అలాంటి జాతకమే. బేస్ గిటారిస్టు దొరకనివాళ్ళకి ఆసరా అని చేశారు. తీరా చూస్తే అది బేస్ గిటారులా తప్ప అన్నిటిలా మోగింది. 1984కల్లా చేయడం మానేశారు. సెకండ్‌హాండ్‌లో చవగ్గా దొరికిన ఆ పెట్టె మీటలు ఇష్టమొచ్చినట్టు తిప్పి చికాగో కుర్రాళ్ళు 1987లో 'యాసిడ్ ట్రాక్స్' అనే ప్లేటు చేశారు. కొత్త సంగీతం పుట్టిందని లోకం పొంగిపోయింది. 2010లో బాంబే కనెక్షన్ అనే డచ్చి రికార్డు కంపెనీ చరణ్‌జీత్ ప్లేటు మళ్ళీ వేసేసరికి ఆ లోకమే నోరెళ్ళబెట్టింది. అయిదేళ్ళు ముందుగా మనవాడు ఆ పనే చేసి, చెప్పుకోకుండా మళ్ళీ పెళ్ళిళ్ళ సీజన్‌లో పడిపోయాడు. పుష్పక విమానం తరవాత మనమే ముందు అని చెప్పుకోవడానికి దొరికింది ఇదే. పైగా దీనికి అట్ట కూడా ఉంది. యంత్రాలు జపానువి కదా అని ఒక సభ్యుడు గొణిగాడు గానీ, అతన్ని టీ తెమ్మని పంపించాం.

ఆ రీఇష్యూ మిత్రుడు 4,200 రూపాయలకి కొన్నాడు. మారతహళ్ళిలో ముగ్గురు పంచుకునే పీజీ గదిలో ఒక మంచానికి సగం నెల అద్దె పైనే. కొన్నాడు గానీ సీలు తీయలేదు. సీలు తీస్తే రేటు పడిపోతుందట. వినడానికి ఫోనుంది కదా అంటాడు. మరి అందులో రాగాలు రాగాలేనా కాదా అన్నది ఒక విదుషీమణి చేత నిర్ధారణ చేయిద్దామని, ప్లేటు చంకన పెట్టుకుని మల్లేశ్వరంలో మా పిన్ని ఇంటికి వెళ్ళాం. పిన్ని నలభై ఏళ్ళ పైగా పిల్లలకి పాఠం చెబుతోంది, సరళీస్వరాల నుంచి వర్ణాల దాకా. బాబాయి జాలహళ్ళి గడియారాల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు.

ఫోన్లో పెట్టాం. పిన్ని కళ్ళు మూసుకుంది.

"మోహనం."

"వాళ్ళు భూపాలి అంటారండి," అన్నాడు మిత్రుడు వినయంగా.

"వాళ్ళేమన్నా అననీ నాయనా, ఇది మోహనం." ఇంకోటి పెట్టాం. "హిందోళం. రాగానికేం లోటు చెయ్యలేదురా. కానీ వెనకాల ఆ రోలు ఎవరు దంచుతున్నారు?"

"టీఆర్-808 అండీ."

పిన్ని కళ్ళు తెరిచి అట్ట అందుకుని, పేరు చదివింది. "ఇది నా దగ్గరుండేది."

మిత్రుడు నీళ్ళడిగాడు.

"మెజెస్టిక్ దగ్గర ఏదో కొట్లో కొన్నానురా, ఎప్పటి మాటో. అట్ట మీద పది రాగాలని ఉంటే పాఠానికి పనికొస్తుందనుకున్నా. ఒక్క రాగం పూర్తిగా వినలేకపోయాం. మీ బాబాయయితే నిమిషానికి 33 చుట్లు తిరగాల్సింది 45 తిరుగుతోందేమోనని చేతిగడియారం పెట్టుకుని కూర్చుని చుట్లు లెక్కపెట్టారు."

"స్పీడు సరిగానే ఉంది," అన్నాడు బాబాయి పేపరు వెనక నుంచి. నలభై ఏళ్ళుగా ఆయనకీ విషయంలో సందేహం లేదు.

"మరి ఇప్పుడా ప్లేటు...?" మిత్రుడి గొంతు కీచుమంది.

పిన్ని గుమ్మం పక్క గూట్లోకి చూపించింది. అంచులు మడతలు మడతలుగా పైకి లేచిన నల్ల గిన్నె. వేడినీళ్ళలో వేసి మెత్తబడ్డాక చెంబు మీద బోర్లిస్తే అలా అవుతుంది. అప్పట్లో వీధి వీధంతా చేశారు. దాన్నిండా తాళాలు, రబ్బరు బ్యాండ్లు, కరెంటు బిల్లులు, ఒక జండూబామ్. మిత్రుడు ఒక్కొక్కటే తీసి బయట పెట్టాడు, గర్భగుడిలో నిర్మాల్యం తీసినట్టు. అడుగున లేబుల్ చెక్కుచెదరకుండా ఉంది. అక్షరాలు చదివి, నేల మీద కూర్చున్నాడు. ఆ మొదటి ముద్రణ కోసం లోకం ఎంత వెతుకుతోందో పిన్నికి చెప్పే శక్తి నాకూ లేకపోయింది.

"ఇది... నాకిచ్చేస్తారా అండీ? ఊరికే వద్దు. బదులుగా ఇది తీసుకోండి." సీలు తీయని ప్లేటు రెండు చేతులా చాచాడు. "కొత్తది. ముల్లు కూడా తగల్లేదు."

పిన్ని అందుకుని చేతిలో ఒకసారి ఎగరేసి చూసింది. "బరువుగా ఉందే."

"180 గ్రాములండి."

"పాతది ఇంత లేదు. దీనికి నీళ్ళు బాగా మరగాలి." లోపలికి తిరిగి కేకేసింది. "ఏవండీ, ఆ పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టండి."