ఆకాశం ముదిరిస్తే మోసం, ఒళ్లు తెల్లగా చేస్తే సర్వీసా?

నేను గోదావరి మీద తీసిన ఏ ఫోటో పెట్టినా కింద ఒక కామెంట్ ఖాయం. "ఇదంతా ఎడిటింగే కదన్నా, ఒరిజినల్ పెట్టు." సరే. కానీ ఇదే జనం పెళ్లి ఆల్బమ్ దగ్గరికొచ్చేసరికి మాట మార్చేస్తారు. "పెళ్లికూతురు కొంచెం నల్లగా పడింది, రంగు పెంచండి. అబ్బాయి పొట్ట తగ్గించండి. తలంబ్రాల ఫోటోలో వెనకాల బాబాయిని తీసేయండి, ఆయనతో మాటల్లేవు." ఆకాశం రంగుని కాస్త ముదిరిస్తే నేను మోసగాణ్ణి. మనిషి ఒంటి రంగు మార్చి, చుట్టాన్ని మాయం చేస్తే మంచి ఫోటోగ్రాఫర్‌ని!

ముందు ఈ ఒరిజినల్ సంగతి చూద్దాం. మామూలు కెమెరా సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ ఒక్క రంగునే పట్టుకుంటుంది. సగం పిక్సెళ్లు ఆకుపచ్చకి, పావు వంతు ఎరుపుకి, పావు వంతు నీలానికి. మిగతాదంతా పక్క పిక్సెళ్లని చూసి సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి నింపేదే. రా ఫైల్ అంటే ఆ లెక్క ఇంకా పూర్తికాని సరుకు. పెళ్లయ్యాక రా ఫైళ్లన్నీ హార్డ్‌డిస్క్‌లో వేసివ్వమనడం టిఫిన్ సెంటర్‌లో దోసెకి బదులు పిండి పార్సిల్ అడగడం లాంటిది (పిండి అమ్మేవాళ్లూ ఉన్నారనుకోండి, అది వేరే వ్యాపారం). పోనీ, కెమెరా నేరుగా ఇచ్చే జేపెగ్ ఎడిట్ కానిదా? కాంట్రాస్ట్, షార్ప్‌నెస్, రంగుల గాఢత కలిపే ఇస్తుంది. ఎంత కలపాలో ఎక్కడో కంపెనీ ఇంజినీరు ముందే తేల్చేశాడు. అతనికున్న స్వేచ్ఛ, పొద్దున్నే గోదావరి ఒడ్డున నిలబడి చలికి వణికిన నాకు ఉండకూడదా? ఇక ఫోన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. 2023లో ఒకాయన కావాలని మసకగా చేసిన చందమామ బొమ్మని కంప్యూటర్ తెర మీద పెట్టి సామ్‌సంగ్ ఫోన్‌తో తీస్తే, ఆ బొమ్మలో లేని వివరాలు ఫోటోలోకి వచ్చేశాయి. దాని కింద మాత్రం "వావ్, కెమెరా సూపర్" అంటారు.

ఫిల్ము రోజుల్లో ఈ గోలంతా లేదంటారు పెద్దవాళ్లు. ఎందుకు లేదు? నెగటివ్ మీద సన్న పెన్సిల్‌తో మచ్చలు పూడ్చే టచింగ్ పనికి స్టూడియోల్లో ప్రత్యేకంగా మనిషి ఉండేవాడు. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ ఊరి మీద చంద్రోదయాన్ని తీశాడు. తొలి ప్రింట్లలో ఆకాశం నిండా మబ్బు తెరలు కనిపిస్తాయి. 1948లో నెగటివ్ కింది భాగాన్ని రసాయనంతో ముదురు చేసి, అక్కడి వివరాలు బాగా కనిపించేలా చేశాడు. తర్వాత వేసిన ప్రింట్లలో ఆకాశాన్ని ముదిరిస్తూ పోయి దాదాపు నల్లగా చేసేశాడు. నెగటివ్ ఒక్కటే. ఇందులో ఏది ఒరిజినల్ అంటారు?

అలాగని ఏదైనా చేసెయ్యొచ్చని నేననను. వార్తా ఫోటో వేరు. 2010లో వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో స్టెపాన్ రూడిక్ అనే ఫోటోగ్రాఫర్‌కి ఇచ్చిన బహుమతిని వెనక్కి తీసుకున్నారు. కీవ్ వీధి పోరాటాల మీద తీసిన సిరీస్ అది. ఫ్రేమ్‌లో చాలా భాగం క్రాప్ చేశాడు, బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చాడు, ఎవరూ ఏమీ అనలేదు. చేతికి కట్టు కడుతున్న ఫోటోలో వెనక కనిపిస్తున్న ఒక పాదం కొసని చెరిపేశాడు, దానికి పడింది వేటు. చాదస్తం అన్నవాళ్లున్నారు. నాకైతే సబబే అనిపించింది, ఎందుకంటే అక్కడ చూసేవాళ్లు సాక్ష్యమని నమ్మి చూస్తారు. 2016లో పేరున్న అమెరికన్ ఫోటోగ్రాఫర్ స్టీవ్ మెక్‌కరీ ఫోటోల్లో మార్పులు బయటపడ్డప్పుడు, "నేను కథ చెప్పేవాణ్ణి" అన్నట్టు సర్దుకున్నాడు. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే పేచీయే లేదు. నా గోదావరి ఫోటో ఏ పేపర్‌కీ వార్త కాదు. అందులో ఆకాశం ఎంత ముదరాలో నా ఇష్టం.

ఇక ఒంటి రంగు. ఇక్కడ నాకు నిజంగా కోపం వస్తుంది. రంగు ఫిల్ముల కాలంలో ల్యాబులు రంగులు సరిచూసుకోవడానికి ఫిల్ము కంపెనీ కోడాక్ పంపిన షర్లీ కార్డులనే నమూనా ఫోటోల మీద ఏళ్ల తరబడి తెల్లమ్మాయే ఉండేది. నల్లని చర్మం ఆ ఫిల్ముల్లో సరిగ్గా పడేది కాదు. ఇవాళ సెన్సర్‌కి అంత తిప్పలు లేవు. చామనఛాయ మొహం మీద పసుపు, పక్కన దీపం వెలుగు, అన్నీ చక్కగా పడుతున్నాయి. ఆ మొహాన్ని నేను చేతులారా సున్నం కొట్టిన గోడ చెయ్యాలట. చెయ్యను. నచ్చినట్టు ఎడిట్ చేసే స్వేచ్ఛలో ఈ "చెయ్యను" కూడా ఉంది.

కొత్తగా ఫీల్డ్‌లోకొచ్చిన తమ్ముళ్లకి ఒక మాట. మూలన లోగో వేస్తే ఫోటో మనదైపోదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. కానీ తీసినవాడిగా పేరు చెప్పుకునే హక్కు, మన పరువు పోయేలా ఫోటోని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు 57వ సెక్షన్ కింద మన దగ్గరే ఉంటాయి. కాబట్టి క్లయింట్లూ, నా ఫోటో మీద బ్యూటీ ఫిల్టర్ కొట్టుకుంటే కొట్టుకోండి, నా పేరు మాత్రం ట్యాగ్ చెయ్యకండి.

వచ్చే మాఘమాసం పెళ్లిళ్ల నుంచి అగ్రిమెంట్ కాగితం మీదే రాస్తున్నాను. రా ఫైళ్లు ఇవ్వను. మొటిమ తీయమంటే తీస్తాను, పుట్టుమచ్చ తీయను. ఒంటి రంగు జోలికి అసలు వెళ్లను. సరేననుకున్నవాళ్లు అడ్వాన్స్ పంపండి, డేట్ బ్లాక్ చేస్తాను.