మునుగోడు ఏం పాపం చేసింది?

కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి 2023 అక్టోబర్ 27, శుక్రవారం ఢిల్లీలో మళ్లీ కాంగ్రెస్ కండువా కప్పుకొన్నారు. శాసనసభ ఎన్నికల కోసం అదే రోజు బయటికొచ్చిన కాంగ్రెస్ రెండో జాబితాలోని 45 పేర్లలో నల్లగొండ జిల్లా మునుగోడుకు ఎదురుగా ఆయన పేరే ఉంది. కండువా ముందా, టికెట్ ముందా అని ఆరా తీసే ఓపిక ఎవరికీ లేదు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. అదే పార్టీ, అదే సీటు, అదే మనిషి. అలాంటప్పుడు నిరుడు ఆగస్టులో ఆయన రాజీనామా ఎందుకు చేసినట్టు? నవంబర్ 3న ఉప ఎన్నికలో మునుగోడు జనం రాత్రి పొద్దుపోయేదాకా వరసల్లో నిలబడి ఓట్లు ఎందుకు వేసినట్టు?

జరిగిన కథ పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2018లో కాంగ్రెస్ గుర్తు మీద 22,552 ఓట్ల మెజారిటీతో గెలిచిన ఎమ్మెల్యే, శాసనసభ గడువు ఇంకా ఏడాదిన్నర దాకా ఉండగానే 2022 ఆగస్టు 8న పదవి వదులుకున్నారు. అదే నెల 21న మునుగోడు సభలో అమిత్ షా సమక్షంలో బీజేపీలో చేరారు. ఉప ఎన్నికలో టీఆర్ఎస్ (ఇప్పటి బీఆర్ఎస్) అభ్యర్థి కూసుకుంట్ల ప్రభాకర్ రెడ్డి చేతిలో 10,309 ఓట్ల తేడాతో ఓడారు. ఏడాది తిరగలేదు. బయల్దేరిన చోటికే వచ్చేశారు.

పార్టీ మారడం నేరం కాదని, అభిప్రాయాలు మార్చుకునే స్వేచ్ఛ నాయకుడికీ ఉంటుందని, చివరికి తీర్పు చెప్పేది ఓటరేనని ఆయన మద్దతుదారులు అంటున్నారు. పదవిని పట్టుకుని వేలాడుతూ పార్టీ మారినవాళ్ల కంటే, రాజీనామా చేసి వెళ్లినాయన నయమనీ అంటున్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ రాజీనామాకు ఒక కారణం ఉండాలి. ఆ కారణం కనీసం ఏడాదైనా బతకాలి.

అప్పుడాయన చెప్పిన కారణాలు రెండు. ఒకటి మునుగోడు అభివృద్ధి. రెండోది అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ కుటుంబ పాలనను గద్దె దించడం, అది బీజేపీ వల్లే అవుతుందన్న నమ్మకం. ఇప్పుడు తిరిగి రావడానికి చెబుతున్నదీ రెండో కారణమే. కాకపోతే ఈసారి ఆ పని బీజేపీ వల్ల కాదట, కాంగ్రెస్ వల్లే అవుతుందట. గమ్యం మారలేదు, బస్సు మారిందంతే అని సమర్థించుకోవచ్చు. బస్సు మారడానికి ఆయన పెట్టిన టికెట్ ఖర్చు ఎవరిది? ఒక నియోజకవర్గం మొత్తానిది. ఇక మొదటి కారణమైన అభివృద్ధి గురించి బుధవారం బీజేపీకి గుడ్‌బై చెప్పినప్పటి నుంచి పెద్దగా మాటే లేదు. రాజీనామా చేసిన రోజున నోరు తెరిస్తే వచ్చిన మాట, తిరిగొచ్చిన రోజున ఎటు పోయింది?

ఆ మూడు నెలలు మునుగోడు ఏమైందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2.41 లక్షల మంది ఓటర్లు, 298 పోలింగ్ కేంద్రాలు, 47 మంది అభ్యర్థులు. రాష్ట్ర మంత్రివర్గమంతా అక్కడే తిష్ఠ వేసింది. ఎంపీటీసీ పరిధికి ఒకరు చొప్పున మంత్రులు, ఎమ్మెల్యేలు ఇన్‌ఛార్జులయ్యారు. మర్రిగూడ మండలం లెంకలపల్లికి సాక్షాత్తూ ముఖ్యమంత్రే ఇన్‌ఛార్జి. మంత్రి జగదీశ్ రెడ్డి ప్రసంగం మీద ఎన్నికల సంఘం 48 గంటల ప్రచార నిషేధం పెట్టింది. ఒక అభ్యర్థికి ఇచ్చిన రోడ్డు రోలర్ గుర్తును మార్చిన గొడవలో రిటర్నింగ్ అధికారినే మార్చాల్సి వచ్చింది. డబ్బు పంచారని ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు చేసుకోవడం మామూలే అనుకుందాం. పక్క ఊరికి అందింది, మాకెందుకు అందలేదని జనమే రోడ్డెక్కిన దృశ్యాలు టీవీల్లో చూసి అందరం ముక్కున వేలేసుకున్నాం. ఆ వేలు జనం వైపు చూపించడం మాత్రం న్యాయం కాదు. పొద్దున లేస్తే గుమ్మం ముందు మూడు పార్టీల రంగుల కండువాలు, రాత్రయితే విందులు, మధ్యలో ఇంటింటికీ వచ్చి లెక్క రాసుకుపోయే కుర్రాళ్లు. అన్నీ తెచ్చి వాకిట్లో పోసి, నువ్వెందుకు తీసుకున్నావని పేదవాణ్ణి అడగడం పెద్దమనుషులకు తగదు.

ఒక అభ్యర్థి ప్రచారానికి చట్టం పెట్టిన పరిమితి 40 లక్షల రూపాయలు. మునుగోడు ప్రచారం చూసినవాళ్లకు ఈ అంకె చెబితే నవ్వుతారు. డబ్బు ప్రవాహం సాకుతో 2017లో చెన్నై ఆర్కే నగర్ ఉప ఎన్నికనే రద్దు చేసిన ఎన్నికల సంఘానికి, ఇక్కడ అంతటి అవసరం కనిపించలేదు. 93 శాతం దాటిన పోలింగ్‌ను ప్రజాస్వామ్య చైతన్యమని కొనియాడినవాళ్లున్నారు. సంపాదకీయాలు రాసేవాళ్లూ అందులో ఉన్నారు, మేమేమీ మినహాయింపు కాదు.

ఇంత తతంగమూ ఒక్క సంతకంతో మొదలైంది. ఆ సంతకం పెట్టినాయన ఇప్పుడు అదేమీ జరగనట్టు పాత ఇంటి తలుపు తట్టారు. లోపలున్నవాళ్లు కూడా అదేమీ జరగనట్టే తీశారు.

మా ఆందోళన ఒక్క రాజగోపాల్ రెడ్డి గురించి కాదు. ఆయన తర్వాత రాబోయేవాళ్ల గురించి. రాజీనామా చేస్తే పోయేదేమీ లేదని తేలిపోయింది. గెలిస్తే కొత్త పార్టీలో హీరో. ఓడితే పాత పార్టీలో టికెట్. ఇంతకంటే లాభసాటి బేరం ఏ అంగట్లో దొరుకుతుంది? రేపు ఏ ఎమ్మెల్యే అయినా పొద్దున లేచి, నాకు ఈ పార్టీ నచ్చలేదు, ఉప ఎన్నిక పెట్టండి అంటే అడ్డు చెప్పే నైతిక హక్కు ఏ పార్టీకి మిగిలింది?

జనానికి అందిన పాఠం ఇంకా ప్రమాదకరం. ఉప ఎన్నిక వస్తే తప్ప ప్రభుత్వం తమ ఊరి వైపు చూడదని వాళ్లు నేర్చుకున్నారు. 2021లో దళితబంధుకు ముందుగా, ఉప ఎన్నిక ముంగిట ఉన్న హుజూరాబాద్‌ను ఎంచుకున్నది ఎందుకో చిన్నపిల్లవాడికీ తెలుసు. అక్కడ ఒక్కో దళిత కుటుంబానికి 10 లక్షలన్న మాట వినగానే, మిగతా నియోజకవర్గాల్లో మీరూ రాజీనామా చేయండంటూ జనం ఎమ్మెల్యేలను నిలదీశారు. గట్టుప్పల్‌ను మండలం చేయాలన్న డిమాండ్ ఏళ్ల తరబడి మూలుగుతుంటే పట్టించుకోనివాళ్లు, మునుగోడు ఎమ్మెల్యే రాజీనామా ఖాయమనగానే 2022 జులైలో ఉన్నపళంగా ఉత్తర్వులిచ్చారు. చండూరు రెవెన్యూ డివిజన్ మాట కూడా ఉప ఎన్నిక ప్రచారంలోనే గట్టిగా వినిపించింది. మేలు జరిగితే మంచిదే కదా అనొచ్చు. కానీ ఆ మేలు హక్కుగా రాలేదు, బహుమతిగా వచ్చింది. అదీ ఒక ఎమ్మెల్యే పదవి బలైతే వచ్చింది. ఎమ్మెల్యే నిలకడగా ఉన్న పక్క నియోజకవర్గం ఏం పాపం చేసినట్టు?

మునుగోడులో అసలు సమస్య ఏమిటో నల్లగొండ జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. మర్రిగూడ, నాంపల్లి పల్లెల్లో ఫ్లోరైడ్ కలిసిన బోరు నీళ్లు తాగి గారపట్టిన పళ్లు, వంగిపోయిన నడుములు, ముడుచుకుపోయిన కాళ్లు. నలభై ఏళ్లకే కర్ర పట్టుకుని అరుగు మీద కూలబడిన మనుషులు. ఈ నేల మీదే, చౌటుప్పల్‌లో, 2015 జూన్‌లో ఇంటింటికీ తాగునీరిచ్చే మిషన్ భగీరథ పైలాన్‌కు శంకుస్థాపన జరిగింది. తాగునీటి విషయంలో కొంత మార్పు వచ్చిన మాట నిజం. కానీ ఒకసారి వంగిన ఎముక మళ్లీ నిటారుగా నిలబడదు. ఆ తరానికి కావాల్సింది వైద్యం, పింఛను, ఆసరా. డిండి ఎత్తిపోతల కింద చర్లగూడెం (శివన్నగూడెం) రిజర్వాయర్ పనులు, భూములు పోయినవాళ్ల పరిహారం గోల ఇంకా అలాగే ఉన్నాయి. ఉప ఎన్నికలో ఈ సమస్యకు దక్కిన వంతు ఏమిటంటే, ఫ్లోరైడ్ పరిశోధన కేంద్రం హామీ ఏమైందంటూ దండుమల్కాపురం దగ్గర అప్పటి బీజేపీ జాతీయ అధ్యక్షుడు నడ్డా పేరుతో ఎవరో సమాధి కట్టారు. రెండు రోజులు దాని మీద రచ్చ జరిగింది. సమాధి వార్త అయింది, నడుము వంగిన మనిషి కాలేదు.

కాంగ్రెస్ సంగతి చూద్దాం. ఉప ఎన్నికలో పార్టీ జెండా మోయడానికి మిగిలిన మనిషి పాల్వాయి స్రవంతి. ఇదే సీటు నుంచి అయిదుసార్లు గెలిచిన పాల్వాయి గోవర్ధన్ రెడ్డి కుమార్తె. అటు రాహుల్ గాంధీ భారత్ జోడో యాత్ర తెలంగాణలో సాగుతుంటే, ఇటు ఆమె రెండు ధనయంత్రాల మధ్య నలిగిపోయారు. 23,906 ఓట్లు వచ్చాయి, డిపాజిట్ పోయింది. రాజగోపాల్ రెడ్డి అన్న, అప్పటి భువనగిరి ఎంపీ కోమటిరెడ్డి వెంకట్ రెడ్డి ఆ సమయంలో ఆస్ట్రేలియా వెళ్లారు. తమ్ముడికి ఓటేయమన్నట్టున్న ఆడియో బయటికొచ్చి, అధిష్ఠానం ఆయనకు షోకాజ్ నోటీసు ఇచ్చింది. ఆ నోటీసు ఏమైందో కూడా ఎవరూ అడగడం లేదు. అన్నకు మొదటి జాబితాలో నల్లగొండ, తమ్ముడికి రెండో జాబితాలో మునుగోడు. కుటుంబానికి ఒకటే టికెట్ అని 2022 మేలో ఉదయ్‌పూర్‌లో చేసుకున్న తీర్మానం ఏ బీరువాలో ఉందో వెతకాలి. వెన్నుపోటు పొడిచారని నిరుడు సభలు పెట్టి తిట్టిన నోళ్లతోనే ఇవాళ ఘర్‌వాపసీ అని స్వాగతిస్తున్నారు. ఆ మూడు నెలలూ జెండా మోసిన కార్యకర్తకు ఏం జవాబిస్తారు? గెలుపు గుర్రం అనే మాట తప్ప వీళ్ల దగ్గర ఇంకేమీ లేదు.

ఇది చూసి బీజేపీ చంకలు గుద్దుకోవాల్సింది లేదు. నిరుడు ఆ రాజీనామాను త్యాగంగా ఊరేగించింది ఆ పార్టీయే. 2019లో కర్ణాటకలో, 2020లో మధ్యప్రదేశ్‌లో ఎమ్మెల్యేల రాజీనామాలతో ప్రభుత్వాలనే కూల్చి, అదే మనుషులకు ఉప ఎన్నికల్లో టికెట్లిచ్చి గెలిపించుకున్న చరిత్ర దానిది. మునుగోడు ఆ మందుకే చిన్న మోతాదు. తాను పోసిన మందు తనకే తిరగబడిందని ఇప్పుడు ఏడిస్తే జాలిపడేవాళ్లుండరు.

బీఆర్ఎస్ కూడా నీతులు చెప్పనక్కర్లేదు. 2018లో కాంగ్రెస్ గెలుచుకున్న 19 మందిలో 12 మందిని విలీనం పేరుతో 2019 జూన్‌లో కలిపేసుకున్నది ఎవరు? వాళ్లలో ఒక్కరు కూడా రాజీనామా చేసి మళ్లీ ప్రజల ముందుకు వెళ్లలేదు. మునుగోడులో ఓట్లు అవసరమై కమ్యూనిస్టులను పక్కన కూర్చోబెట్టుకున్నారు. 1985 నుంచి వరసగా మూడుసార్లు, మళ్లీ 2004, 2009లో సీపీఐ గెలిచిన గడ్డ అది. ఆ ఓట్లతో గట్టెక్కాక, 2023 ఆగస్టు 21న 115 మంది జాబితా ప్రకటించి వామపక్షాలకు ఒక్క సీటైనా మిగల్చలేదు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే.

రాజీనామాకు ఈ తెలంగాణలోనే ఒకప్పుడు ఎంత విలువ ఉండేదో గుర్తుందా? 2010లో ప్రత్యేక రాష్ట్రం కోసం ఎమ్మెల్యేలు పదవులు వదులుకుని జులైలో మళ్లీ జనం ముందుకు వెళ్లారు. 12 స్థానాల్లో 11 టీఆర్ఎస్, ఒకటి బీజేపీ గెలుచుకున్నాయి. ఎందుకు రాజీనామా చేశారని నాడు ఒక్క ఓటరూ అడగాల్సిన పని పడలేదు, కారణం ఊరూరా గోడల మీదే రాసి ఉంది. పన్నెండేళ్లకే అదే మాటను అంగట్లో సరుకు చేశారు.

చట్టం సంగతి సూటిగా చెప్పుకోవాలి. ఫిరాయింపుల చట్టం 1985లో వచ్చింది. పార్టీ మారినవాణ్ణి అనర్హుణ్ణి చేస్తుంది గానీ రాజీనామా చేసి మళ్లీ నిలబడేవాణ్ణి ఆపదు. సీటు ఖాళీ అయితే ఆరు నెలల్లో ఎన్నిక పెట్టి తీరాలని ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతుంది, గడువు ఏడాది లోపు ఉంటేనే మినహాయింపు. కర్ణాటక ఎమ్మెల్యేలు సభ గడువు ముగిసేదాకా పోటీ చేయరాదని స్పీకర్ ఆదేశిస్తే, అంతకాలం నిషేధించే అధికారం స్పీకర్‌కు లేదని 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఆ అధికారం ఇవ్వాల్సింది పార్లమెంటే. అనారోగ్యమో, మరో సభకు ఎన్నిక కావడమో వంటి కారణం లేకుండా సీటు వదిలినవారు ఆ సభ గడువు తీరేదాకా ఏ ఉప ఎన్నికలోనూ నిలబడకూడదు. ఎన్నిక నిర్వహణ ఖర్చు వాళ్ల నుంచే, లేదంటే వాళ్లను నిలబెట్టిన పార్టీ నుంచే రాబట్టాలి. ఈ రెండు వాక్యాల సవరణ తేవడానికి ఏ పార్టీకీ మనసు రాదని మాకు తెలుసు. అయినా అడుగుతాం, మళ్లీ మళ్లీ అడుగుతాం.

2023 నవంబర్ 3న శాసనసభ ఎన్నికల నోటిఫికేషన్. సరిగ్గా ఏడాది కిందట మునుగోడు ఓటేసిన తేదీ కూడా అదే. ఇక ప్రచార రథాలు మళ్లీ చండూరు, నారాయణపురం, మర్రిగూడ దారి పడతాయి. మైకు పట్టుకునే ముందు రాజగోపాల్ రెడ్డి ఒక పని చేయాలి. నిరుడు ఇచ్చిన రాజీనామా లేఖను జేబులో పెట్టుకుని రావాలి. ఊరి నడిబొడ్డున నిలబడి దాన్ని చదివి వినిపించాలి. అందులో రాసింది ఇవాళ్టికీ నిజమేనో కాదో ఆయన నోటితోనే చెప్పాలి. ఆయనకు టికెట్ ఇచ్చిన పెద్దలు కూడా పక్కనే నిలబడి వినాలి. అది చేతకాకపోతే ఓటడిగే ముఖం తమకు ఉందో లేదో వాళ్లే చూసుకోవాలి.