ముందు ఆ బిల్లు పాస్ చేయండి

మార్చి వచ్చిందంటే చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు ఆఫీసుల్లో రెండు హడావుడులు. ఎనిమిదో తారీఖున మహిళా దినోత్సవం: కేకు, ఊదా రంగు చీరలు, గ్రూప్ ఫొటో. నెలాఖరున సీఎస్సార్ డబ్బు, అంటే కంపెనీ సమాజం కోసం తప్పనిసరిగా పెట్టాల్సిన డబ్బు, ఖర్చు పెట్టే పరుగు. రెండోది బయటివాళ్లకు కనిపించదు. నేను ఫైనాన్స్‌లో పనిచేస్తాను కాబట్టి కొన్నేళ్లుగా రెండూ చూస్తున్నాను.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 5 కోట్ల నికర లాభం గానీ, 1000 కోట్ల టర్నోవర్ గానీ, 500 కోట్ల నెట్‌వర్త్ (అప్పులు పోను మిగిలే ఆస్తి) గానీ ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు చేయాలి. ఖర్చు కాని డబ్బును 2021 నుంచి కంపెనీ తన దగ్గరే ఉంచుకోవడానికి వీల్లేదు. నడుస్తున్న ప్రాజెక్టుదైతే విడి ఖాతాలో వేయాలి, లేకపోతే ప్రభుత్వం చెప్పిన నిధికి కట్టాలి. అందుకే ఆ పరుగు. పరుగు చివర తేలేవి తరచూ కుట్టు మిషన్లే. ఆడవాళ్లకు సాయం అనగానే మనవాళ్లకు అంతకు మించి తోచదెందుకో. ఫొటో కూడా బాగా వస్తుంది మరి.

ఈ సీఎస్సార్ పనులు చూసేది, నాకు తెలిసిన ఆఫీసుల్లో చాలాసార్లు ఆడవాళ్లే. అమ్మకాలు, కొనుగోళ్లు, ఫ్యాక్టరీ మగవాళ్ల చేతిలో ఉంటాయి. బోర్డుల కథా ఇలాగే మొదలైంది. షేర్ మార్కెట్లో ఉన్న లిస్టెడ్ కంపెనీ బోర్డులో ఒక్క మహిళైనా ఉండాలని చట్టం చెప్పినప్పుడు చాలా చోట్ల యజమాని భార్యో కూతురో వచ్చి కూర్చున్నారు. చివరికి షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ జోక్యం చేసుకుని, యజమాని కుటుంబానికి సంబంధం లేని స్వతంత్ర మహిళా డైరెక్టర్ ఉండాల్సిందేనని, 2019 ఏప్రిల్ నుంచి మార్కెట్ విలువలో మొదటి 500 కంపెనీలకు, 2020 ఏప్రిల్ నుంచి మొదటి 1000 కంపెనీలకు నిబంధన పెట్టాల్సి వచ్చింది. కుర్చీ అయితే దొరికింది. ఆ కుర్చీలో కూర్చున్నావిడ ఏ కాగితం మీద సంతకం పెట్టగలదో ఎవరూ అడగరు.

నేనూ అడగలేదు, ఒక భోజనాల బిల్లు ఎదురుపడేదాకా.

చెన్నైలోనే చూలైమేడులో ఒకావిడ ఉన్నారు, నెల్లూరు వైపు మనిషి. ఇంట్లో వండి ఆఫీసులకు మధ్యాహ్నం భోజనాలు పంపుతారు. ఆమె దగ్గర నలుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. మా ట్రైనింగ్ బ్యాచ్‌లకు రోజుకు నలభై భోజనాలు ఆమె దగ్గర నుంచే వచ్చేవి. ఆ మార్చి ఎనిమిదిన స్టేజీ ఎక్కి సమాజానికి మనం తిరిగి ఇవ్వాలని మాట్లాడింది నేనే. దిగి ఫోన్ చూసుకుంటే ఆమె మెసేజ్: "అమ్మా, డిసెంబరు బిల్లు ఇంకా పడలేదు." వెతికితే అది నేను ఓకే చేయాల్సిన బిల్లుల క్యూలోనే ఉంది. డిసెంబరు 26న వచ్చిన బిల్లు. పీవో (కొనుగోలు ఆర్డరు) నంబరు తప్పని ఒకసారి వెనక్కి వెళ్లింది, సరిచేసి మళ్లీ పంపారు, ఆ తర్వాత పందొమ్మిది రోజులు నా అప్రూవల్ కోసం పడి ఉంది. మొత్తం డెబ్బై రెండు రోజులు. సమాజానికి బాకీ తీర్చడం గురించి నేను మైకులో చెబుతుంటే చూలైమేడు బాకీ అలాగే ఉంది.

సిగ్గేసి ఫోన్ చేశాను. కోప్పడలేదు. "మీకు నెలాఖరు టెన్షన్లు ఉంటాయి కదమ్మా" అన్నారు. కాసేపయ్యాక అసలు సంగతి చెప్పారు. ఉగాది లోపల కొత్త చింతపండు దిగుతుంది. కొత్తవాల్ చావిడి హోల్‌సేల్ బజారులో ఏడాదికి సరిపడా ఒకేసారి కొనుక్కుంటే చాలా మిగులుతుంది. చేతిలో డబ్బు లేక సందు చివరి కొట్లో అరకిలో అరకిలో కొంటున్నారు. గ్యాసు సిలిండర్లకు వారం వడ్డీకి తెచ్చారట. అంటే మా కంపెనీకి అప్పు ఇచ్చింది ఆవిడ, వడ్డీ కట్టిందీ ఆవిడే.

దీనికి చట్టం లేదా అంటే, ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర చేసుకునే నమోదు) ఉన్న చిన్న సంస్థకు, ఎంత గడువుకు ఒప్పందం రాసుకున్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలని చిన్న, మధ్య తరహా సంస్థల కోసం వచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. 2023-24 నుంచి ఆదాయపు పన్నులోనూ మెలిక పెట్టారు. గడువు దాటిస్తే, డబ్బు ఇచ్చేదాకా కొన్న కంపెనీకి ఆ ఖర్చు పన్ను లెక్కలోకి రాదు. కానీ నలభై భోజనాల మనిషి నోటీసు ఇస్తుందా? ఇస్తే మర్నాటి నుంచి ఆర్డరే ఉండదు.

ఆడవాళ్లకు కావలసింది దానం కాదు, సమయానికి చేతికందే అవకాశమని ఈ ఊళ్లో ఏనాడో అర్థం చేసుకున్న ఆడవాళ్లున్నారు. రాజమండ్రి బిడ్డ దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో ఇక్కడే ఆంధ్ర మహిళా సభ పెట్టారు. బనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష ప్రైవేటుగా కట్టి పాసైన మనిషి కాబట్టి, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లను అదే పరీక్షకు తయారు చేశారు. ఆ సర్టిఫికెట్ చేతికొస్తే ఉద్యోగం అడగొచ్చు. తర్వాత ఆమె తొలి అధ్యక్షురాలిగా ఉన్న కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో అదే పద్ధతిని దేశమంతటికీ పథకంగా తెచ్చింది. 1978లో జయా అరుణాచలం ఈ ఊళ్లోనే వర్కింగ్ విమెన్స్ ఫోరం మొదలుపెట్టి, పేవ్‌మెంట్ల మీద అమ్ముకునే ఆడవాళ్లను గుంపులుగా కూర్చి, ఒకరికొకరిని హామీగా నిలబెట్టి అప్పులు ఇప్పించారు. పూలమ్మే మనిషికి తెల్లవారుజామున డబ్బు కావాలి. మధ్యాహ్నం ఇస్తే మార్కెట్లో పూలుండవు.

ఒక లెక్క వేసి చూడండి. 50 కోట్ల లాభం వచ్చే కంపెనీ సీఎస్సార్ కింద పెట్టేది కోటి. అదే కంపెనీ ఏడాదికి 400 కోట్ల సరుకూ సేవలూ కొంటుందనుకుందాం. అందులో ఒక్క శాతం ఆడవాళ్లు నడిపే చిన్న సంస్థల దగ్గర కొన్నా నాలుగు కోట్లు. కేంద్ర ప్రభుత్వ సంస్థలకు 2018 నుంచి ఆ నియమం ఉంది: కొనుగోళ్లలో 25 శాతం చిన్న సంస్థల నుంచి, మొత్తం కొనుగోళ్లలో 3 శాతం మహిళల చిన్న సంస్థల నుంచి. ప్రైవేటు కంపెనీలకు అలాంటిది లేదు, కొనవద్దని ఆపేవాళ్లూ లేరు.

ఆపేది గుసగుస. ఆడ మేనేజరు సరుకు అమ్మే ఆడ వెండర్‌కు ఆర్డరిస్తే "తెలిసినావిడకి ఇచ్చుకుంది" అంటారు. మగ మేనేజరు ఇంజినీరింగ్ క్లాస్‌మేట్‌కు ఇస్తే దాని పేరు నెట్‌వర్కింగ్. అందుకని నేను మూడు కొటేషన్లు తెప్పించి ఫైలులో పెడతాను. విసుగే, కానీ తప్పదు. పైగా సమాజానికి ఏం చేశారని మగ సీఈవోను ఇంటర్వ్యూలో అడగరు, మమ్మల్ని అడుగుతారు. అడగనివ్వండి. నా జవాబు మాత్రం మారింది.

ఇప్పుడు మా దగ్గర లక్ష లోపు బిల్లులకు వేరే క్యూ ఉంది. ఇద్దరి అప్రూవల్ చాలు, అందులో ఒకటి నాది. కొనుగోళ్ల విభాగంతో ఆరు నెలలు పోట్లాడితే వచ్చింది. ఇప్పటికీ కొన్ని ఆలస్యమవుతాయి. కిందటి ఫిబ్రవరి బిల్లు పదకొండో రోజుకే పడింది. చూలైమేడు నుంచి మెసేజ్ రాలేదు, ఒక ఫొటో వచ్చింది: వంటింటి అటక మీద వరసగా జాడీలు, మూతలకు గుడ్డ కట్టి, కొత్త చింతపండుతో నిండుగా.