సీటీ స్కాన్ మెసేజ్ పంపిస్తున్న బాబాయిలకు, పిన్నులకు

మా ఫ్యామిలీ గ్రూపులో నిన్నటితో ఐదోసారి. ‘ఒక సీటీ అంటే 400 ఎక్స్‌రేలు. మెషీన్ అందరికీ ఒకే పవర్ కొడుతుంది. పిల్లలకూ పెద్దల సెట్టింగే. పవర్ తగ్గించమనండి, సీసం ఏప్రాన్ కప్పమనండి. తర్వాత మూడు రోజులు కొబ్బరినీళ్లు తాగితే రేడియేషన్ పోతుంది.’ పన్నెండేళ్లుగా సీటీ మెషీన్ నడిపే ఆ కన్సోల్ ముందు కూర్చునేది నేనే కాబట్టి, చెప్తాను.

కొబ్బరినీళ్లు తాగండి, మంచివే. కిరణాలు వదిలే ట్యూబ్ ఆగగానే ఎక్స్‌రేలూ అయిపోతాయి. కడగడానికి ఒంట్లో ఏమీ మిగలదు.

400 లెక్క మరీ తప్పేం కాదు. మామూలు ఛాతీ సీటీ సుమారు 7 మిల్లీసీవర్టులు (రేడియేషన్ డోసు కొలత అది), ఛాతీ ఎక్స్‌రే 0.02 అనుకుంటే 350 వస్తుంది. ఊరికే ఇంట్లో కూర్చున్నా నేల నుంచి, ఆకాశం నుంచి మూడేళ్లలో ఇంచుమించు అంతే పడుతుందని మాత్రం మెసేజ్‌లో ఉండదు.

ఒళ్లు మండేది ‘ఒకే పవర్’ దగ్గర. ముందు తీసే స్కౌట్ అనే చిన్న డోసు బొమ్మ చూసి, ఒళ్లు ఎక్కడ ఎంత మందమో మెషీన్ లెక్క కట్టుకుంటుంది. ట్యూబ్ మన చుట్టూ తిరుగుతుంటుంది. భుజాల దగ్గర కిరణం పక్క నుంచి దూరేటప్పుడు ఎముక ఎక్కువ, ట్యూబ్ కరెంటు, అంటే కిరణాల మోతాదు, పెంచుతుంది. అదే చుట్టులో ముందు వైపుకి రాగానే తగ్గిస్తుంది. ఊపిరితిత్తుల్లో ఉండేది గాలే, ఇంకా తగ్గిస్తుంది. మనిషి నడిమధ్యన లేకపోతే ఈ లెక్కంతా తప్పుతుంది. లేజర్ గీత చూసుకుంటూ నేను టేబుల్ రెండు సెంటీమీటర్లు ఎత్తేది, దించేది అందుకే. మీరేమో ‘ఇంకా ఎంతసేపు’ అంటారు.

పోయిన నెల ఒకాయన ఫోన్ చూపించి, “బాబూ, సగానికి తగ్గించు” అన్నారు. కూరగాయల బేరం అనుకున్నారు కాబోలు. డోసు సగమైతే బొమ్మలో చుక్కల గోల 40 శాతం పెరుగుతుంది. కాలేయంలో చిన్న మచ్చ ఉంటే ఆ చుక్కల్లో కలిసిపోతుంది. డాక్టరు మళ్లీ తీయమంటారు. సగం, ఆపైన ఒక పూర్తి డోసు. మీ వాట్సాప్ డిస్కౌంట్ ఇదీ! ఇక స్కాన్ చేసే చోటే సీసం కప్పితే, అది కూడా ఒళ్లేననుకుని మెషీన్ కరెంటు పెంచేయొచ్చు. బొమ్మ నిండా చారలు అదనం.

పిల్లల మాట కూడా కొట్టిపారేద్దామనే కూర్చున్నాను. కుదరలేదు. నేను మొదట చేరిన సెంటర్‌లో పిల్లల ప్రోటోకాల్, అంటే వాళ్ల సెట్టింగులు, ఎవరూ సెట్ చేసి పెట్టలేదు. ఆరేళ్ల పాపకు నేను పెద్దలకు పెట్టే 120 కేవీ (ట్యూబ్‌కిచ్చే కిలోవోల్టులు) పెట్టబోతుంటే, సీనియర్ చెయ్యి పట్టుకుని ఆపి 80కి మార్చారు. ఆయన సెలవు పెట్టిన రోజులూ ఉన్నాయి. కాబట్టి పిల్లల్ని తీసుకొస్తే ‘ఇది పిల్లల సెట్టింగేనా’ అని అడగండి. విసుక్కోను.