పిల్లల చెవిలో ఏ గాంధారం పడుతోంది?

మా అమ్మాయి మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు సాధన చేస్తోంది. ఒక పక్క ఎలక్ట్రానిక్ తంబురా మోగుతోంది, ఇంకో పక్క ఫోన్‌లో గిటార్ ట్యూనర్ యాప్ తెరిచి ఉంది. షడ్జం (స) దగ్గర, పంచమం (ప) దగ్గర యాప్‌లో ముల్లు నిటారుగా నిలబడి పచ్చరంగు చూపిస్తోంది. గాంధారం (గ) దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఎడమకు వాలిపోతోంది. తను తగ్గించి పాడుతున్నానని అనుకుని పిల్ల కాస్త పెంచింది. పచ్చరంగు వచ్చింది. వంటింట్లో కూర తరుగుతున్న మా అమ్మ వెంటనే, "ఏమే, గాంధారం ఎక్కేసింది, దించు" అంది.

పిల్ల నావైపు చూసింది. "అమ్మా, యాప్ రైటా, అమ్మమ్మ రైటా?"

ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. ఆ చదువంతా ఈ వ్యాసంలో పెట్టలేను కానీ, విదేశంలో ఉన్న మన తెలుగు సంఘంలో పిల్లలకు సంగీతం నేర్పిస్తున్న తల్లిదండ్రులందరికీ చెప్పాల్సిన మాట ఒకటి ఉందనిపించింది.

ముందు లెక్క. తేలిగ్గా ఉండటానికి మన ఆధార షడ్జం సెకనుకు 240 కంపనాలు అనుకుందాం. తంబురా తీగ మీటితే ఆ ఒక్క స్వరమే పలకదు. దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు, అయిదింతల వేగంతో కదిలే సన్నని స్వరాలు కూడా అందులో కలిసి ఉంటాయి. మంద్ర షడ్జం, అంటే కింది స్థాయి షడ్జం తీగ వేగం 120. దానికి అయిదింతలు 600. అది తారస్థాయి (పై స్థాయి) అంతర గాంధారం, అంటే మాయామాళవగౌళలో వచ్చే గాంధారమే. ఎవరూ పాడకుండానే, ఏ తీగనూ గాంధారానికి శ్రుతి చేయకుండానే తంబురాలోంచి గాంధారం వినిపిస్తుందని పెద్దవాళ్లు చెప్పేది దీన్నే. 1550లో విజయనగర కాలపు రామామాత్యుడు స్వరమేళకళానిధిలో స్వయంభూ స్వరాల గురించి రాశాడు. పేరు ఎంత బాగుందో చూడండి. తనంతట తానే పుట్టిన స్వరం! తంబురాలో ఆ పై స్వరాలు అంత నిండుగా ఎందుకు పలుకుతాయో సి.వి. రామన్ 1921లో వివరించారు. తీగలు ఆనుకునే, వెడల్పుగా, కొద్దిగా వంపుతో ఉండే గుర్రం మీద తీగ ఒరుసుకుంటూ కదలడమే దానికి కారణం. తీగ కింద దారం పెట్టి జీవ, అంటే ఆ నిండు నాదం, సరిచేసేది ఆ ఒరిపిడి కుదరడానికే.

కాబట్టి తంబురా చెప్పే లెక్కలో మధ్యస్థాయి గాంధారం 300. కీబోర్డులో అదే మెట్టు నొక్కితే వచ్చేది 302.4. యాప్ లెక్క కూడా కీబోర్డుదే. తేడా రెండున్నర కంపనాలు కూడా లేదు, ఇంతోటిదానికి ఇంత గొడవా అనిపించవచ్చు. కానీ రెండూ కలిసి మోగినప్పుడు కీబోర్డు గాంధారంలోని రెండింతల స్వరం 604.8 దగ్గర, తంబురా గాంధారం 600 దగ్గర ఉంటాయి. అవి ఒకదానితో ఒకటి పడక, సెకనుకు దాదాపు అయిదుసార్లు ధ్వని పెరిగి తగ్గుతుంది. ఇంటర్మీడియట్ ఫిజిక్సులో విస్పందనాలు అని చదువుకున్నాం కదా, అవే. మా అమ్మ చెవికి తగిలినవి కూడా అవే.

పంచమం విషయంలో ఈ బాధ లేదు. 360 ఉండాల్సిన చోట కీబోర్డు 359.6 ఇస్తుంది. అందుకే యాప్‌కీ అమ్మకీ పంచమం దగ్గర పేచీ రాలేదు.

మరి కీబోర్డు తయారుచేసినవాళ్లు గాంధారాన్ని ఎందుకలా పెట్టారు? తెలియక కాదు. షడ్జం నుంచి పంచమం, ఆ పంచమాన్ని షడ్జం చేసుకుని మళ్లీ పంచమం, ఇలా పన్నెండుసార్లు ఎక్కితే ఏడు స్థాయిల పైన మళ్లీ షడ్జానికే చేరాలి. లెక్క వేస్తే చేరదు. ఒకటిన్నరను పన్నెండుసార్లు హెచ్చిస్తే 129.75 వస్తుంది. రెండును ఏడుసార్లు హెచ్చిస్తే 128. ఆ మిగులు ఎక్కడో ఒకచోట పెట్టాలి. యూరప్‌లో కొన్ని వందల ఏళ్లు ఎక్కువ గాంధారాలను శుద్ధంగా, అంటే తంబురా లెక్క ప్రకారం ఉంచడానికి పంచమాలను కాస్త కాస్త తగ్గించి, దానివల్ల వచ్చిన తేడా అంతా చివరి ఒక్క పంచమం మీద పడేశారు. అది పలికితే ఊళ పెట్టినట్టుండేదని దాన్ని తోడేలు అన్నారు. ఆ పంచమం జోలికి పోనంత కాలం బాగానే ఉండేది. పాట మధ్యలో షడ్జాన్ని మార్చుకుంటూ పోయే రచనలు వచ్చాక ఆ పద్ధతి సరిపోలేదు. చివరికి అందరికీ సమంగా పంచేశారు. స్థాయిని పన్నెండు సమాన మెట్లుగా కోసి, ఒక్కో మెట్టుకూ 1.05946 రెట్లు పెంచారు. ఇదే ఈక్వల్ టెంపరమెంట్. ఆ సంఖ్యను చైనాలో మింగ్ వంశపు రాకుమారుడు జూ జైయూ 1584 నాటికే లెక్కగట్టాడు. ఇందులో ఏ షడ్జం పెట్టుకున్నా ఒకేలా పలుకుతుంది. పంచమం కొద్దిగా, గాంధారం బాగా నష్టపోతాయి. వేర్వేరు స్వరాలను కలిపి మోగిస్తూ, షడ్జాన్ని మారుస్తూ సాగే సంగీతానికి అది న్యాయమైన బేరం. పియానో సంగీతంలోని గొప్ప రచనలు ఆ బేరం మీద నిలబడ్డాయి. మా అమ్మాయి పియానో కూడా నేర్చుకుంటోంది. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

మన సంగీతంలో షడ్జం మారదు. రెండు గంటల కచేరీ మొత్తం ఒకే ఆధార షడ్జం, వెనక ఒకే తంబురా. మనకు అవసరం లేని సౌకర్యం కోసం మన గాంధారాన్ని ఎందుకు వదులుకోవాలన్నది నా ప్రశ్న.

దీనికి ఎదురు ప్రశ్న కూడా వస్తుంది. "వినేవాళ్లకు ఏది బాగుంటే అదే కదా? అందరికీ కీబోర్డే నచ్చుతుంటే?"

ఈ మాటను తేలిగ్గా తీసేయలేను. 1984లో లిండా రాబర్ట్స్, మాక్స్ మాథ్యూస్ ఒక ప్రయోగం చేశారు. స్వరాల కలయికలను శుద్ధంగానూ, కొంచెం తేడాగానూ వినిపించి ఏది నచ్చిందని అడిగారు. విన్నవాళ్లు రెండు జట్లుగా విడిపోయారు. కొందరికి కదలిక లేని శుద్ధమైన కలయిక నచ్చింది. ఇంకొందరికి కొద్దిగా తేడా ఉండి, ఊగుతూ నిండుగా వినిపించేదే నచ్చింది. 2024లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం ఇంకో అడుగు ముందుకేసింది. నాలుగు వేల మందికి పైగా పాల్గొన్నారు. శుద్ధమైన నిష్పత్తి కంటే కాస్త పక్కకు జరిగిన కలయికను కూడా జనం ఇష్టపడతారని, వాయిద్యం నాదం మారితే నచ్చే స్వరాల దూరాలే మారిపోతాయని అందులో తేలింది. ఇండోనేషియా గమెలాన్ వాద్యబృందంలోని బొనాంగ్ అనే గంటల వాయిద్యం లాంటి నాదంతో వినిపిస్తే లెక్కే వేరు. ఇక 2016లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన బొలీవియా అడవుల్లో ఉండే చిమానే ప్రజల గురించి. మనకు కర్ణకఠోరంగా అనిపించే కలయిక, ఇంపుగా అనిపించే కలయిక, రెండూ వాళ్లకు ఒకేలా నచ్చాయి.

కాబట్టి మనిషి చెవి పుట్టుకతోనే తంబురా గాంధారాన్నే కోరుకుంటుందని నేను చెప్పలేను. చెప్పే హక్కు నాకు లేదు.

మా ఇంట్లోనే చూశాను. ఒక ఆదివారం కంప్యూటర్‌లో షడ్జం, గాంధారం, పంచమం కలిపి రెండు రకాలుగా తయారుచేసి, ఏది ఏదో చెప్పకుండా అందరికీ వినిపించాను. అమ్మ విజయనగరంలో పెరిగింది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన సంగీత కళాశాల ఉన్న ఊరు. గాత్రం అక్కడే నేర్చుకుంది. శుద్ధమైన కలయిక వినగానే కళ్లు మూసుకుంది. మా అమ్మాయికి రెండోది, అంటే కీబోర్డుది నచ్చింది. "మొదటిది కదలకుండా పడుకున్నట్టుంది అమ్మా" అంది. మావారికి తేడాయే తెలియలేదు. మరునాడు మళ్లీ వినిపించినా తెలియలేదు.

మా అమ్మాయి మాటకు నేను బాధపడలేదు, కానీ ఆలోచనలో పడ్డాను. పుట్టినప్పటి నుంచి తన చెవిలో పడిందంతా ఒకటే. బొమ్మల్లోంచి వచ్చే పాటలు, బడిలో పియానో, కారులో సినిమా పాటలు, చివరికి గొంతు సరిచేసే సాఫ్ట్‌వేర్ కూడా స్వరాన్ని ఆ పన్నెండు మెట్లలో దగ్గరున్నదాని మీదకే లాగుతుంది. తను ఎంచుకుందని ఎలా అంటాం? ఇంకో గాంధారం ఉందనే తనకు తెలియదు. ఊరగాయ రుచి చూడని పిల్లకు కెచప్ ఇష్టమంటే అది ఇష్టమే, కాదనను. కానీ ఆ ఇంట్లో జాడీ మూత ఎవరూ తీయలేదు కదా.

ఇక్కడ మనవాళ్లలో తిరిగే రెండు మాటల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన వాదన నిలబడాలంటే మనమే దాన్ని పాడుచేయకూడదు. ఒకటి, 432 అనే సంఖ్య, అంటే సెకనుకు 432 కంపనాలు. "వేదకాలపు శ్రుతి 432, పాశ్చాత్యులు 440కి మార్చేశారు" అని వాట్సాప్‌లో వస్తుంటుంది. అది ఏ స్వరంతో మొదలుపెట్టాలన్న విషయం, స్వరాల మధ్య దూరాలకు దానితో సంబంధం లేదు. మన సంగీతంలో అయితే ఎవరి గొంతుకు తగిన శ్రుతి వాళ్లది. ఒకరికి ఒకటో శ్రుతి, ఇంకొకరికి అయిదున్నర శ్రుతి. రెండోది, మన విద్వాంసులు స్థాయిని ఇరవై రెండుగా విభజించే 22 శ్రుతులను దశాంశాలతో సహా పాడతారనే మాట. కొలిచి చూసినవాళ్లున్నారు. 1963లో జైరాజ్‌భాయ్, స్టోన్ హిందుస్తానీ కళాకారుల స్వరాలను కొలిచి, ఒకే స్వరం కళాకారుడిని బట్టి, సందర్భాన్ని బట్టి అటూఇటూ జరుగుతుందని రాశారు. మన కర్ణాటక సంగీతంలో గమకం, అంటే స్వరాన్ని ఊపి పాడటం వల్ల ఇంకా ఎక్కువ. తోడి గాంధారాన్ని ఏ గీత మీద నిలబెట్టి చూపిస్తాం? అది ఊగడమే దాని రూపం. వీణలో కూడా మైనం, బొగ్గుపొడి కలిపిన ముద్ద మీద మెట్లు అమర్చి మేళం కట్టేటప్పుడు ఒకే మెట్టు షడ్జం తీగ మీదా, పంచమం తీగ మీదా వేర్వేరు స్వరాలకు పనికిరావాలి కాబట్టి, కట్టేవాళ్లు చెవితో సర్దుబాటు చేసుకుంటారు.

అయినా ఆ సర్దుబాటు చేసేది చెవి. తీగను లాగి స్వరాన్ని చేరుకునేది వేలు. స్వరం ఎంత ఊగినా, చివరికి గాంధారం మీద నిలిస్తే ఎక్కడ నిలవాలో తంబురా చెబుతుంది. ఆ సంభాషణ నేర్చుకోవడమే మొదటి ఏడాది సంగీతం. మాయామాళవగౌళతో మొదలుపెట్టడం వల్ల అంతర గాంధారం మొదటి రోజే పిల్లల నోట్లోకి వస్తుంది. ఆ రోజే పక్కన కీబోర్డు పెడితే ఆ సంభాషణ మొదలవకముందే ఆగిపోతుంది.

హార్మోనియం కూడా కీబోర్డులాగే కదలని మెట్ల పెట్టే కదా, దాని మాటేమిటని పెద్దవాళ్లు అడుగుతారు. అడగాల్సిందే. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం చూసిన జాన్ ఫౌల్డ్స్, మన రవీంద్రనాథ్ ఠాగూర్, ఇద్దరూ ఆ వాయిద్యానికి వ్యతిరేకులే. 1971 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. అంతకాలం మూసి ఉంచడం అన్యాయమని నా అభిప్రాయం. మా తాతయ్య పద్యనాటకాల పిచ్చి ఉన్న మనిషి. తెల్లవార్లూ హార్మోనియం మీద రాగం తీసి పద్యం పాడే నటులను విని పెరిగినవాళ్ల చెవి తప్పని ఎవరైనా అంటే నేను ఊరుకోను. పద్యం అందుకున్న నటుడు హార్మోనియం మెట్ల మధ్య నుంచి కూడా జారగలడు, ఎందుకంటే అతని చెవిలో రాగం ముందే ఉంది. రాగం ముందు, పెట్టె తరవాత. మన పిల్లలకు పెట్టె ముందు వస్తోంది. బాధ అక్కడ.

ఇప్పుడు అసలు విషయం. మన పిల్లల సంగీత పోటీల్లో రెండేళ్లుగా నేను గది బాధ్యత చూస్తున్నాను. ఒక ఏడాది తంబురా యాప్ ఉన్న ఫోన్ చార్జింగ్ అయిపోయింది. ఎవరో మంచి మనసుతో కీబోర్డు తెచ్చి షడ్జం, గాంధారం, పంచమం కలిపి నొక్కి పట్టుకున్నారు. కల్యాణి పాడుతున్న ఒక బాబు గాంధారం మీద నిలబడలేక పైకీ కిందికీ వెతుక్కున్నాడు. కిందికి వచ్చాక "శ్రుతి తగ్గింది" అని మార్కులు పోయాయి. వాడు దిగివస్తూ వాళ్లమ్మతో "నాకు వినపడింది అదే" అన్నాడు. నేను ఆ గదిలోనే ఉన్నాను. అప్పుడు నాకు ఈ లెక్కలేవీ తెలియవు, ఏమీ మాట్లాడలేదు. ఆ బాబు ఈ వ్యాసం చదువుతాడో లేదో కానీ, నువ్వు విన్నది తప్పు కాదు నాన్నా.

సంఘం పెద్దలను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. శాస్త్రీయ గాత్రం, వీణ, వయొలిన్ పోటీల గదిలో శ్రుతికి కీబోర్డు వాడొద్దు. న్యాయనిర్ణేతలకు గిటార్ ట్యూనర్ చూపించే ముల్లు మీద ఆధారపడొద్దని ముందే చెప్పండి. మనవాళ్లు నడిపే వారాంతపు క్లాసుల్లో పాట మొదలుపెట్టే ముందు ఒక అయిదు నిమిషాలు పిల్లలను ఏమీ పాడనివ్వకుండా తంబురా విననివ్వండి. అందులో గాంధారం ఎవరికి ముందు వినిపిస్తుందో అడగండి. పిల్లలకు ఇది భలే ఆట. మా ఇంట్లో మూడో వారానికి మా అమ్మాయి చేయి ఎత్తింది. సినిమా పాటలు, భావగీతాల పోటీలకు కీబోర్డు ఉండనివ్వండి, అది అక్కడి వాయిద్యమే. ఏప్రిల్‌లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధనకు వెళ్లే కుటుంబాలు పిల్లలను వీలైతే ముందు వరుసల్లో కూర్చోబెట్టండి. 1978 నుంచి మనకు ఇంత దగ్గరలో జరుగుతోంది. కచేరీ మొదలవకముందు తంబురా శ్రుతి చేసుకునే ఆ కాసేపు మాత్రం పిల్లలకు ఫోన్ ఇవ్వకండి.

యాప్‌దా, అమ్మమ్మదా రైటు అన్నదానికి మా అమ్మాయికి చివరికి ఇలా చెప్పాను: పియానో ముందు కూర్చున్నప్పుడు యాప్ మాట విను, తంబురా ముందు కూర్చున్నప్పుడు అమ్మమ్మ మాట విను. ఇప్పుడు తను రెండు గాంధారాలూ గుర్తుపడుతోంది. ఏది ఇష్టమో ఇంకా చెప్పలేదు. నేను అడగడం లేదు.

ఈసారి పోటీలకు మా అమ్మ తంబురా తెస్తాను. విజయనగరం నుంచి దుప్పట్లలో చుట్టి తెచ్చుకున్నది, జీవ బాగా పలుకుతుంది. ఆ రోజు గది తలుపులు అరగంట ముందు తెరిపించండి. వేసవిలో హాలు ఏసీకి తీగల శ్రుతి మారిపోతుంది, శ్రుతి చేయడానికి ఆ మాత్రం టైమ్ కావాలి.