హ్యూన్‌త్సాంగ్ మన సీమను స్వర్గం అన్లేదప్పా

"భారత్ చైనా జనాలది రెండు వేల ఏళ్ల అన్నదమ్ముల బంధం, ప్రతి తెలుగువాడూ గర్వంగా షేర్ చేయాలి" అని ఒక పొడుగాటి మెసేజ్ తిరుగుతాంది కదా, కర్నూల్లో మా ఫ్రెండ్స్ గ్రూపులో అదే, అనంతపురం చుట్టాల గ్రూపులో అదే, ఆఖరికి అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంకర్ గ్రూపులో కూడా అదే. తప్పులు ఉండాయిరా అంటే "మంచి మాటే కదా బావా, ఎవర్నీ తిట్టలేదు కదా" అంటారు. పంపినోళ్లలో ఎంతమంది కిందిదాకా చదివినారో నాకు అనుమానమే. నేను చదివినా. ఇంక ఊరుకోవడం నా వల్ల కాదు.

ఫస్టుది, ఏడో శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన బౌద్ధ యాత్రికుడు హ్యూన్‌త్సాంగ్ రాయలసీమకు వచ్చి ఇది భూలోక స్వర్గం, ఇక్కడి జనం దేవతలు అని రాసినాడంట. ధాన్యకటకం, అంటే మన అమరావతి వైపు నుంచి నైరుతిగా పోతే వచ్చే చుళియ అనే దేశం గురించి ఆయన రాసింది నిజమే, అది మన రేనాటి చోళుల సీమే, అంటే కడప కర్నూలు వైపే అని చానామంది చరిత్రకారులు అంటారు, అదీ ఒప్పుకుంటా. అయితే అక్కడ ఏం రాసినాడో ఎవరైనా చూసినారా? అంతా అడవీ చిత్తడీ, జనం బాగా తక్కువ, దొంగల గుంపులు బాహాటంగా తిరుగుతుంటాయి, ఎండ ఎక్కువ, మనుషులు కోపిష్టులు, క్రూరులు, బౌద్ధ విహారాలు పాడుబడి మురికిగా ఉండాయి, వాటిలో సన్యాసులూ అట్లే ఉండారు. ఇదీ మన స్వర్గం. ఎండ సంగతి ఇప్పటికీ కరెక్టే, మిగతావాటి మీద సినిమావాళ్లు ఈరోజుకీ బతుకుతాండారు.

అనంతపురం చీనీ (బత్తాయి) తోటలు ఆయన సంచిలో తెచ్చిన విత్తనాల నుంచి మొదలైనాయంట. ఆ పండు పుట్టింది దక్షిణ చైనా వైపే, అంతవరకు సరే. సంచి ఎవరు చూసినారప్పా?

చైనాలో ధ్యాన బౌద్ధానికి మూలపురుషుడని చెప్పే బోధిధర్ముడు కడప జిల్లావాడు, చైనావాళ్లకు కుంగ్‌ఫూ నేర్పింది ఆయనే అంట. ఆయన పేరు కనపడే పాత చైనా రాత 547 నాటిది, అందులో పర్షియా మనిషి అని ఉంది, వేరే పాత రాతలో దక్షిణ భారతం అని ఉంది, కసరత్తులు ఆయనకు అంటగట్టిన పుస్తకమేమో ఎప్పుడో 17వ శతాబ్దంది. కడప అని ఎవరూ అన్లేదు. తర్వాతిది.

"1962కు ముందు రెండు వేల ఏళ్లలో రెండు జనాల మధ్య ఒక్క రక్తపు బొట్టు పడలేదు." ఇది వినడానికి బాగుంటాది. హర్షుడు పోయినాక చైనా తాంగ్ చక్రవర్తి రాయబారి వాంగ్ షువాన్‌త్సే మనుషుల మీద ఇక్కడి కొత్త రాజు దాడి చేస్తే, ఆ రాయబారి టిబెట్‌కు పారిపోయి, అక్కడ 1200 మందిని, నేపాల్ నుంచి 7000 మంది గుర్రపు సైన్యాన్ని తెచ్చుకుని, తిరిగొచ్చి కొట్టి, ఆ రాజును 648లో ఖైదీగా వాళ్ల రాజధాని చాంగాన్‌కు పట్టుకుపోయినాడని చైనావాళ్ల చరిత్రలే చెప్తాయి. సరే అది మరీ పాత ముచ్చట, వదిలేద్దాం. నల్లమందు సంగతి ఏంది మరి? పట్నా, ఘాజీపూర్‌లో తయారైన సరుకే కదా కంపెనీవాళ్లు చైనా మీదికి తోలింది. దాని మీద వచ్చిన యుద్ధంలో, 1841లో కాంటన్ దగ్గర చైనా పల్లెజనం మీదికి పోయిన దాంట్లో మద్రాసు 37వ పటాలం ఉంది, వానకు తుపాకులు తడిసి పేలక చానా అవస్థ పడినారు. మద్రాసు సైన్యం అంటే అందులో తెలుగు సిపాయిలు ఉండరా? 1900లో బాక్సర్ల మీదికి, అంటే విదేశీయుల మీద తిరగబడిన చైనా జనం మీదికి, పోయినోళ్లలోనూ మన సిపాయిలు ఉండారు. జీతం ఇంగ్లీషువాడిది, హుకుం వాడిదే, ఒప్పుకుంటా, కానీ అవతల చచ్చినోడికి ఆ తేడా ఎవడు చెప్పాల?

ఇవన్నీ ఒక ఎత్తు. నాకు నిజంగా మండింది "మన దేశంలో స్థిరపడిన చైనావాళ్లను యుద్ధం టైంలో కూడా మనం కన్నబిడ్డల్లా చూసుకున్నాం, ఒక్కరినీ పల్లెత్తు మాట అన్లేదు" అనే లైను. ఇది రాసినోడికి తెలీక రాసినాడో తెలిసే రాసినాడో గానీ, 1962 నవంబర్ నుంచి అస్సాంలో మాకుం, షిల్లాంగ్, డార్జిలింగ్ వైపు చైనా మూలాలున్న కుటుంబాలను పోలీసులు ఇళ్లలోంచి తీసుకుపోయి, దాదాపు 3000 మందిని, రాజస్థాన్‌లో దేవళీ అనే చోట క్యాంపులో పెట్టినారు. కేసు లేదు, విచారణ లేదు. ముసలోళ్లు, చంటిపిల్లలు, తాత ముత్తాతల కాలంలో తేయాకు తోటల పనికి వచ్చినవాళ్ల పిల్లలు, చైనా ఎట్లుంటాదో ఎప్పుడూ చూడనివాళ్లు. వారం దాకా రైలు ప్రయాణం, దారిలో స్టేషన్లలో జనం రాళ్లేసినారని ఆ రైల్లో పోయినవాళ్లే తర్వాత చెప్పుకున్నారు. కొందర్ని ఓడలెక్కించి చైనాకు తోలేసినారు, కొందరు ఏళ్ల తరబడి క్యాంపులోనే ఉండి, బయటికి వచ్చి చూస్తే ఇల్లు లేదు, అంగడి లేదు, అన్నీ వేలంలో పోయినాయి. కన్నబిడ్డలు! మీ కన్నబిడ్డల్ని ఇట్లే చూసుకుంటారా స్వామీ?

పాత కథ ఎందుకు తవ్వుతావు అంటారని నాకు తెలుసు. 2020లో ఈశాన్య రాష్ట్రాల పిల్లలను మన ఊర్లలోనే రోడ్డు మీద "చైనా, కరోనా" అని పిలిచి, మీద ఉమ్మి, రూములు ఖాళీ చేయమన్నారు కదా, అది పాతదా? వాళ్లు చైనావాళ్లు కూడా కాదు. మొహం చూసి శత్రువు అని తేల్చేసే అలవాటు ఒకసారి సర్కారే చేసి చూపించింది, దాన్ని ఇప్పుడు మీ మెసేజ్ తుడిచేసి పైన చేతులు కలిపిన బొమ్మ పెట్టింది. సాయంత్రం బండి కాడ నిలబడి లొట్టలేసుకుంటూ తింటామే మంచూరియా, దాని మొదలు కూడా ఇట్లా ఈ దేశంలోనే పుట్టి పెరిగిన చైనావాళ్ల వంటిళ్లదే. ఇంతకీ ఈ మెసేజ్ పంపిన మామే ఆ ఏడు గల్వాన్ తర్వాత చైనా వస్తువు ఇంట్లో ఉంటే దేశద్రోహం అని పంపినాడు. ఏ ఫోన్ నుంచి పంపినాడో దాని కంపెనీ పేరు నేను చెప్పను.

ఇంక చివరిది, చైనాకు పోయి యుద్ధంలో వైద్యం చేసిన డాక్టర్ కోట్నిస్ కర్నూలు మెడికల్ కాలేజీలో చదివిన తెలుగు బిడ్డ అంట. ఆయన పోయింది 1942లో, ఆ కాలేజీ పుట్టింది పదేళ్లు దాటినాక. ఆయనది షోలాపూర్, చదువు బొంబాయి. షోలాపూర్లో మన పద్మశాలీలు లెక్కలేనంత మంది ఉండారు నిజమే, అంతమాత్రాన ఊరంతా తెలుగోళ్లు అయిపోరు.

కానీ ఈ పేరాలో మిగతాదంతా, నేను తప్పు పట్టాలనే కూచున్నా గానీ, నిజం. 1938లో కాంగ్రెస్ పంపిన అయిదుగురు డాక్టర్లలో ఒకడుగా పోయినాడు, జపాన్‌తో యుద్ధం నడుస్తాంటే గాయపడినోళ్లకు ఆపరేషన్లు చేస్తా అక్కడే ఆస్పత్రికి పెద్ద అయినాడు, నర్సు గువో చింగ్లాన్‌ను పెళ్లి చేసుకున్నాడు, కొడుకు పుట్టిన కొన్ని నెలలకే మూర్ఛ రోగంతో 32 ఏళ్లకు పోయినాడు. షిజియాజువాంగ్‌లో సమాధి ఉంది, ఈరోజుకీ జనం పూలు పెడతారు. ఆ దేశం పెద్దలు ఇక్కడికి వస్తే ఆయన ఇంటివాళ్లను కలిసి పోయేది కూడా నిజమే. అబద్ధం కలపాల్సిన పనే లేని కథ ఇది.

పంపకుండా ఉండలేమంటే ఆ ఒక్క పేరా కత్తిరించి పంపండి, కర్నూలు కొట్టేసి షోలాపూర్ అని పెట్టి.